చేతితో నేర్చుకొనే చదువు



మా చెల్పూరులో "అప్రెంటిస్" అనే మాట తెలియని ఇల్లు లేదు. ఊరికి ఆనుకొని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము ఉన్నది. 2010లో 500 మెగావాట్లతో ఆరంభమైన ఆ కేంద్రానికి 2016లో మరొక 600 మెగావాట్లు చేరాయి. భూపాలపల్లి వైపు పోతే సింగరేణి వారి బొగ్గు గనులు. ఐ.టి.ఐ. చదివిన మగపిల్లలు ఫిట్టరుగానో ఎలక్ట్రీషియనుగానో అప్రెంటిస్ చేస్తారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము ప్రకారము వారికి నెలనెలా స్టైపెండు వస్తుంది. పిల్లవాడు నూనె మరకల చొక్కాతో ఇంటికి వస్తే తల్లి దానిని ఉతికి గొప్పగా దండెం మీద ఆరవేస్తుంది. "మావోడు అప్రెంటిస్ చేస్తాండు" అని బోరింగు దగ్గర నలుగురికీ చెప్పుకుంటుంది. పని చేస్తూ నేర్చుకోవడము, నేర్చుకుంటూనే ఇంటికి నాలుగు రూపాయలు తేవడము మా ఊళ్లో గౌరవమే.

అదే పద్ధతిలో ఒక ఆడపిల్ల ఆసుపత్రిలో నేర్చుకుంటే మాత్రము మాట మారిపోతుంది. ఆమె బట్టల మీది మరక నూనె మరక కాదు గదా! దానిని గూర్చియే ఈ నెల వ్రాస్తున్నాను.

మా సంఘములో ఒక కుటుంబమున్నది. తండ్రి కాంట్రాక్టు కూలి. తల్లి పత్తి చేలకు, మిరప చేలకు పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు. పేర్లు వ్రాయడము లేదు. ఆ బిడ్డలకు ఇంకా సంబంధములు చూడవలసి యున్నది, మన పత్రిక ఎవరెవరి ఇండ్లకు పోతుందో నాకు తెలుసు. పెద్ద బిడ్డ ఇంటర్మీడియట్ బై.పి.సి. ప్యాసై, 2021లో ఇంటికి దూరముగా ఒక ప్రభుత్వ నర్సింగ్ స్కూలులో జి.ఎన్.ఎం. కోర్సులో చేరింది.

మన పల్లెల్లో అన్నిటినీ కలిపి "నర్సు ట్రైనింగు" అంటాము గాని వాటిలో తేడాలున్నవి. ఏ.ఎన్.ఎం. రెండేండ్లు. మన సబ్ సెంటరులో పిల్లలకు టీకాలు వేసే అమ్మ చదివినది అదే. జి.ఎన్.ఎం. మూడేండ్ల డిప్లొమా. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేండ్ల డిగ్రీ. మన రాష్ట్రములో దాని పరీక్షలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము జరుపుతుంది. జి.ఎన్.ఎం. చేసినవారు తరువాత రెండేండ్లు పోస్ట్ బేసిక్ చదివి డిగ్రీ పొందవచ్చును. ఏది చదివినా సరే, పుస్తకము ఎంత ముఖ్యమో వార్డు అంత ముఖ్యము. ప్రభుత్వ సంస్థల్లో చదివేవారికి స్టైపెండు కూడా ఉన్నది. 2022లో తెలంగాణ ప్రభుత్వము దానిని పెంచినప్పుడు మొదటి సంవత్సరపు విద్యార్థినికి నెలకు 1,500 రూపాయలున్నది 5,000 అయ్యింది. పేరు వేరైనా ఇది అప్రెంటిస్ చదువే.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఆ బిడ్డ మా ఇంట్లో నేలమీద కూర్చుండి, అమ్మగారు ఇచ్చిన చాయ తాగుతూ తన దినచర్య చెప్పింది. ముందు ఒక బొమ్మను మంచము మీద పండుకోబెట్టి నేర్పుతారట. మనిషి పడక మీద ఉండగానే దుప్పటి మార్చడము, ముడత లేకుండా మూలలు మడవడము. ఆ తరువాత బ్రతికి యున్న మనుష్యులు. ఒంటి వేడి, నాడి, ఊపిరి చూసి చార్టులో వ్రాయాలి. లేవలేని రోగి లోపలికి ఎంత నీరు పోయింది, మూత్రము ఎంత వచ్చింది, కొలిచి వ్రాయాలి. కదలలేని వానిని రెండేసి గంటలకు ప్రక్కకు తిప్పాలి; తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడుతాయి. ఒకసారి పడిన పుండు మానడము బహు కష్టము. చేసిన ప్రతి పనికీ లాగ్ బుక్కులో ట్యూటరమ్మ సంతకము కావాలి. మధ్యాహ్నము క్లాసులో ఎముకల పేర్లు చెప్తుంటే కండ్లు వాటంతట అవే మూతబడుతాయట.

"పొద్దుగాల చదివిన గుండెకాయ, మాపటికి ఒక ముసలాయన ఛాతిల కొట్టుకుంటాంటే చేతికి తగుల్తది అయ్యగారు. గప్పుడు సమజైతది" అని అన్నది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

నేను బైబిలు కళాశాలలో థియాలజీ డిప్లొమా చదివిన కాలములో మాకూ ఇట్లే యుండెను. వారమంతా గ్రీకు క్రియాపదములు, శని ఆదివారములు పల్లె సంఘములు. చంటిబిడ్డను పూడ్చిపెట్టే గుంట ప్రక్కన నిలబడి ఆ తల్లితో ఏమి మాట్లాడాలో ఏ పుస్తకములోనూ లేదు. ఒక వృద్ధ కాపరి వెనుక సైకిలు తొక్కుతూ నేర్చుకున్నాము. రాజుల రెండవ గ్రంథము మూడవ అధ్యాయములో ఎలీషాను గూర్చి విచారించినప్పుడు రాజు సేవకుడు ఆయనను ఎట్లు గుర్తు చెప్పినాడో చూడండి. ఆయన చేసిన అద్భుతములను చెప్పలేదు. ఏలీయా చేతులు కడుగుకొనుటకు నీళ్లు పోసినవాడని చెప్పినాడు. ప్రవక్త దగ్గర చేసిన చిన్న పనియే ఆయన సర్టిఫికెట్టు.

ఇక సంఘములో వచ్చిన మాటలు. ఒక సాయంత్రము పెద్దల కూటములో లెక్కలు అయిపోయిన తరువాత ఒక పెద్దాయన ఈ సంగతి ఎత్తినాడు. "అయ్యగారు, ఆ పిల్ల ఊరికొచ్చినా ఆదివారం పొద్దుగాల్నే బస్సెక్కి పోతాంది. డ్యూటీ అంటది. మనమే ఆరాధన పట్టు ఇడిస్తే పోరగాండ్లకు ఏం చెప్తం?"

ఆయన చెడ్డవాడు కాడు. ఆదివారమును ఆచరించుట కొరకు కూలి పోగొట్టుకొన్న తరము ఆయనది. అందుచేత నేను తేలికగా తీసివేయలేదు. మత్తయి సువార్త పన్నెండవ అధ్యాయము తీసి, గుంటలో పడిన గొఱ్ఱెను గూర్చి ప్రభువు అడిగిన ప్రశ్న చదివినాను. తరువాత ఆయననే అడిగినాను: "పోయిన యేడు ఈస్టరు నాడు మీ బర్రె ఈనింది. మీరు ఏ వేళకు మందిరానికి వచ్చిన్రు?" అందరూ నవ్వినారు, ఆయన కూడా నవ్వినాడు. రోగికి ఆదివారము సెలవు లేదు. ఆ దినము వార్డులో రోగి ప్రక్కన నిలబడినవారు ఆరాధన మానుకొన్నారని నేను అనుకోను. అయితే సంఘము చేయవలసిన పని ఒకటున్నది. డ్యూటీ వలన రాలేకపోయిన బిడ్డకు బుధవారము గాని శుక్రవారము గాని ఇంటి ప్రార్థన ఏర్పాటు చేయవలెను. ఆమె రానందుకు లెక్క అడిగేవారు, ఆమె వచ్చిన దినమున తలుపు తీసి యుంచవలెను గదా.

అంతటితో ఆగలేదు. ఇంకొకరు గొంతు తగ్గించి, "ఆడిపిల్ల పరాయి మొగోళ్లకు తానం చేపిచ్చుడేంది?" అన్నారు. ఆ గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు స్త్రీల సమాజము తరఫున వచ్చిన ఒక అవ్వ లేచింది. ఆమె భర్త పక్షవాతముతో చాలా ఏండ్లు మంచములో ఉండి చనిపోయినాడు. "నా పెనిమిటి మంచంల పడ్డప్పుడు ఆయన ఎత్తిపోతలన్నీ నేనే చేసిన. ఒక్కరన్న వచ్చి ఇదేందని అడిగిన్రా? మంచిదానివే అన్నరు. పైసల్లేకుంట చేస్తే మంచి పని, జీతానికి చేస్తే తప్పు పనా?" అని అడిగి కూర్చున్నది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు మంచి సమరయుని కథలో కనబడింది. మనము ఆ కథ మీద ఎన్నో ప్రసంగములు విన్నాము. యాజకుని గూర్చి, లేవీయుని గూర్చి, సమరయుని గూర్చి విన్నాము. పూటకూళ్లవాని గూర్చి ఎవరైనా ప్రసంగించగా విన్నారా? సమరయుడు ఒక రాత్రి ఉండి వెళ్లిపోయినాడు. తరువాత ఆ గాయపడినవానికి అన్నము పెట్టినది, కట్లు మార్చినది, రాత్రివేళ లేచి నీళ్లు ఇచ్చినది ఆ పూటకూళ్లవాడే అయి యుండును. అతనికి రెండు దేనారములు ముట్టినవి. ఇంకా ఖర్చయితే మరలా వచ్చినప్పుడు ఇస్తానని సమరయుడు మాట ఇచ్చినాడు. సేవకు జీతము ఇచ్చుటలో ప్రభువునకు ఏ తప్పూ కనబడలేదు.

నర్సును మనము "సిస్టర్" అని పిలుస్తాము. హిందువులైనా ముస్లింలైనా క్రైస్తవులైనా ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే "సిస్టరమ్మా" అంటారు. ఈ పిలుపు ఎక్కడిదో మన సంఘస్థులలో కొందరికే తెలుసు. రోమీయులకు వ్రాసిన పత్రిక పదహారవ అధ్యాయము మొదట్లో పౌలు ఫీబే అనే స్త్రీని సిఫారసు చేస్తూ ఆమెను సహోదరి అన్నాడు, కెంక్రేయలోని సంఘ పరిచారకురాలు అన్నాడు. ఆ పరిచారకురాలు అన్న పదమును పట్టుకొని, పద్దెనిమిది వందల సంవత్సరముల తరువాత జర్మనీ దేశములో ఒక చిన్న ఊరి పాస్టరు ఒక పని ఆరంభించినాడు. ఆయన పేరు థియోడోర్ ఫ్లీడ్నర్. ఊరు కైజర్స్‌వెర్త్. ఆయన సంఘము ఎంత బీద సంఘమంటే, ఊరిలోని పట్టు మిల్లు దివాలా తీయగా సంఘమును నిలబెట్టుకొనుటకు ఆయన హాలెండు, ఇంగ్లండు దేశములు తిరిగి చందాలు పోగు చేసినాడు. అట్లు తిరిగినప్పుడు రోగులను, ఖైదీలను ఇతర సంఘములవారు ఎట్లు చూచుకొంటున్నారో కండ్లారా చూసినాడు. 1836లో తన భార్య ఫ్రీడరికేతో కలిసి ఒక ఆసుపత్రి, దానితో పాటు పరిచారికలకు శిక్షణాలయము తెరిచినాడు. మొదటి పరిచారికగా చేరినది గెర్ట్రూడ్ రైషార్ట్ అనే వైద్యుని కుమార్తె. వారికి బస, భోజనము, బట్టలు, చేతి ఖర్చుకు కొంచెము పైకము. పగలు వార్డులో పని, దానితో పాటే పాఠము. వారిని "సిస్టర్" అని పిలిచేవారు. జర్మను భాషలో ఆ మాట ష్వెస్టర్.

1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్కడికి వెళ్లి మూడు నెలల పాటు శిక్షణ పొందింది. అక్కడి నర్సింగు ఏమంత గొప్పది కాదని, శుభ్రత అసలే లేదని తరువాత ఆమెయే చెప్పింది. అయితే అక్కడివారి సమర్పణను మెచ్చుకొన్నది. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సింగు పాఠశాల ఆరంభమైంది. అందులోనూ పిల్లలు వార్డులోనే నేర్చుకొనేవారు. మన పిల్లలు దీపము పట్టుకొని చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ ఉన్నది చూడండి, దానిని ఆమె వ్రాయలేదు. 1893లో అమెరికాలో ఆమె గౌరవార్థము తయారు చేసినారు. ఈ సంగతి మా బిడ్డకు చెప్తే, "మాకు పరీక్షల అడుగరు తీయండి అయ్యగారు" అని నవ్వింది.

మన తెలుగు దేశమునకు ఈ పని మిషనరీల ద్వారా వచ్చింది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు ఎన్నో ఏండ్లు శ్రమపడి 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరిచినారు. నర్సుల శిక్షణ కూడా అక్కడ సాగింది. తమిళ దేశములో వేలూరు మిషను ఆసుపత్రి మనకందరికీ తెలిసినదే. 1946లో మన దేశములో నర్సింగు డిగ్రీ చదువు మొదలైనది రెండే చోట్ల: ఒకటి ఢిల్లీలో, రెండవది వేలూరులో. ఆ తొలి దినములలో ఈ పనికి ఎవరు వచ్చినారు? రక్తము, చీము, మలము ముట్టుకుంటే మైల అని గొప్ప కులములవారు తమ పిల్లలను పంపలేదు. బీద క్రైస్తవ కుటుంబముల పిల్లలు, ఆదరణ లేని విధవరాండ్రు వచ్చినారు. మనవారు వచ్చినారు! నేడు అన్ని కులములవారు సీటు కొరకు పోటీ పడుతుంటే మన సంఘములోనే "ఈ పని మనకెందుకు" అనే మాట వినబడడము నాకు వింతగా ఉన్నది.

అయితే ఒక సంగతి దాచకూడదు. పని చేస్తూ నేర్చుకొనే పద్ధతిలో పని పెరిగి నేర్పడము తరిగిపోయే అపాయము మొదటినుండి ఉన్నది. పూర్వము మిషను ఆసుపత్రులలో కూడా వార్డుల బరువు చాలామట్టుకు శిక్షణలో ఉన్న పిల్లల భుజముల మీదనే నడిచింది. సేవ, సమర్పణ అనే పెద్ద మాటల వెనుక వారి అలసట మరుగున పడింది. ఇప్పుడూ అంతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణము ప్రకారము బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండవలెను. మా బిడ్డ రెండవ సంవత్సరములో ఉన్నప్పుడు ఒక చోట రాత్రి డ్యూటీలో దాదాపు నలుబది మంచములకు ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు విద్యార్థినులు. ఆ చోటు పేరు ఇక్కడ అవసరము లేదు. అటువంటివి ఇంకా ఉన్నవి. విద్యార్థినిని నర్సుల లెక్కలో కలిపితే అది చదువు కాదు, చౌక కూలి. ఐ.టి.ఐ. పిల్లవాడిని ఒక్కనినే మిషను దగ్గర వదిలిపెట్టి పోతే మన పెద్దలు ఊరుకుంటారా?

అటువంటి ఒక రాత్రి, తెల్లవారుజామున నాలుగు గంటలకు, నాకు ఫోను వచ్చింది. ఆమె ఏడుస్తున్నది. మూడు దినములుగా తాను చూచుకొంటున్న ఒక పెద్దాయన చనిపోయినాడు. "అయ్యగారు, ఆయన చివరికి నా చెయ్యి పట్టుకున్నడు. నేను ప్రార్థన చెయ్యలే. అవతల మంచం మీద సెలైన్ అయిపోతాంది, గది చూస్తానికి చెయ్యి ఇడిపించుకొని ఉరికిన. మళ్ల వచ్చేసరికి పోయిండు" అని చెప్పింది.

నేను ఆ వేళ ఆమెకు వాక్యము చదివి వినిపించలేదు. "అవతలి మనిషి ఎట్లున్నడు బిడ్డా?" అని అడిగినాను. మంచిగ ఉన్నడన్నది. "ఇప్పుడు ఏం చేస్తున్నవు?" అంటే, పెద్దాయన కండ్లు మూసి, ఒళ్లు తుడిచి, బట్ట కప్పి వచ్చిన అన్నది. మేమిద్దరము ఫోనులోనే, ఆ ఇద్దరు రోగుల పేర్లు చెప్పి ప్రార్థించినాము. అరిమతయి యోసేపు ప్రభువు శరీరమును దింపి నారబట్టతో చుట్టిన దినమున ఆయన చేసిన ప్రార్థన ఏదీ సువార్తలలో వ్రాయబడలేదు. చేసిన పని వ్రాయబడింది. ఇది ఆ తరువాత పొద్దున్నే నాకు తోచిన మాట.

ఈ సంగతి తండ్రికి తెలిసింది. అతడు భయపడినాడు. పైగా ఆ నెలలోనే ఒక సంబంధము వచ్చి, "రాత్రి డ్యూటీలు చేసే పిల్ల వద్దు" అని తిరిగిపోయింది. "సాలు అయ్యగారు, పిల్లను తోలుకొస్త. కుట్టు మిషను కొనిస్త, ఇంటికాడ ఉంటది" అన్నాడు. నేను అవునని గాని కాదని గాని అనలేదు. ఒకసారి పోయి చూసి వద్దామన్నాను. ఇద్దరము బస్సులు మారి వెళ్లినాము.

మేము వెళ్లేసరికి డాక్టరుగారు రౌండుకు వచ్చినారు. మమ్మును వరండాలో నిలబెట్టినారు. తలుపు సందులోనుండి లోపల కనబడుతున్నది. డాక్టరుగారు ఒక మంచము దగ్గర ఆగి, చార్టు తీసి, పైనుండి కిందకు చదివినాడు. ఆమెను ఏదో అడిగినాడు. ఆమె చేతి గడియారము చూసి, రోగి చెయ్యి పట్టుకొని, లెక్క పెట్టి చెప్పింది. ఆయన తల ఊపి ఏదో మందు మార్చి వ్రాసినాడు. ఇంతే జరిగింది. మా సంఘస్థుడు అక్షరము రానివాడు. వేలిముద్ర వేస్తాడు. చాలాసేపు ఏమీ అనకుండా నిలబడి, చివరకు నా వైపు తిరిగి, "నా బిడ్డ రాసింది డాక్టరు సదివిండు గద అయ్యగారు" అన్నాడు.

మధ్యాహ్నము ఆమె బయటికి వచ్చినప్పుడు తోలుకొనిపోయే మాట అతడు ఎత్తలేదు. ఇంటినుండి తెచ్చిన సకినాల డబ్బా చేతికిచ్చి, చెప్పులు అరిగిపోయినవేమో చూసినాడు. నిజముగానే అరిగిపోయినవి.

ఆ చెప్పుల మాట, ఆ గడియారము మాట మన స్త్రీల సమాజమునకు సంబంధించినవి గనుక చెప్పుచున్నాను. మా స్త్రీలు వంట చేసేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన పైకములో నుండి, ఆమె చేరిన యేడే సెకండ్ల ముల్లు ఉన్న గడియారము కొనిపెట్టినారు. నాడి లెక్కించడానికి సెకండ్ల ముల్లు తప్పనిసరి, అది లేకుండా వార్డులోకి రానియ్యరు. ఈసారి మంచి బూట్లు కొన్నారు. కండువాలకు, పూలదండలకు అయ్యే ఖర్చులో ఇది ఎన్నవ వంతు? ఏ సంఘమైనా చేయగల పని ఇది.

పెద్ద బిడ్డ 2024లో కోర్సు ముగించి ఇప్పుడు స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నది. జీతములో నుండి ఇంటి అప్పు తీరుతున్నది. పోస్ట్ బేసిక్ చదవాలని ఉన్నది.

ఇప్పుడు చిన్న బిడ్డ వంతు. ఆమె ఇంటర్ ముగించింది. పరాయి దేశములలో ఈ పని చేస్తూ చదివే చదువును ఇంకా పైకి తెచ్చినారని ఎవరో ఆమెకు చెప్పినారు. ఆ మాట నిజమే. ఇంగ్లండులో 2017 నుండి నర్సింగు డిగ్రీ అప్రెంటిస్ పద్ధతి నడుస్తున్నది. ఆసుపత్రి వారిని ఉద్యోగిగా తీసుకొని జీతమిస్తూ, విశ్వవిద్యాలయములో నాలుగేండ్లు చదివించి డిగ్రీ నర్సును చేస్తారు. 4,600 గంటల శిక్షణలో సగము తరగతిది, సగము రోగుల దగ్గరిది. అయితే అది ముఖ్యముగా అక్కడ నివసించేవారి కొరకు. జర్మనీలో వేరే విధము. 2020లో అమలులోకి వచ్చిన చట్టము ప్రకారము మూడేండ్ల నర్సింగు శిక్షణలో 2,100 గంటలు పాఠములు, 2,500 గంటలు పని; శిక్షణ కాలమంతా నెలజీతము ఉంటుంది. దానికి ఇతర దేశముల పిల్లలను కూడా తీసుకుంటున్నారు. మన తెలుగు పిల్లలు వెళ్తున్నారు. దానిని అక్కడ "ఆస్‌బిల్డుంగ్" అంటారు. అంటే మన చెల్పూరు భాషలో అప్రెంటిసే. ఫ్లీడ్నర్ పాస్టరుగారి దేశము గనుక నాకు కొంచెము అభిమానము కలిగిన మాట వాస్తవము.

కాని అభిమానము చాలదు. ఒక ఏజెంటు ఆ ఇంటికి వచ్చి మూడు లక్షలు అడిగినాడు. భాష అక్కడికి పోయిన తరువాత అదే వస్తుందన్నాడు. తండ్రి ఉన్న అర ఎకరము అమ్ముదామా అని నా దగ్గరికి వచ్చినాడు. పాఠకులలో ఇటువంటి కుటుంబములు ఇంకా ఉండవచ్చును గనుక విడమరచి వ్రాస్తున్నాను. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము విదేశీ ఉద్యోగములకు మనుష్యులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండవలెను. అతడు తన సేవకు తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి.; అంతకు మించి అడిగితే అనుమానించండి. రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయములో తెలుసుకోవచ్చును. మన రాష్ట్ర ప్రభుత్వమునకే టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నది. విదేశీ ఉద్యోగములకు పంపడమే దాని పని. మొదట అక్కడ విచారించండి. ఇక భాష సంగతి. జర్మను భాషలో కనీసము బి1 అనే స్థాయి, చాలా చోట్ల బి2 స్థాయి అడుగుతారు. రోగి నొప్పి ఎక్కడో చెప్తే అర్థము కాని నర్సు వలన ప్రయోజనమేమి? భాష అక్కర లేదని చెప్పేవాడు అబద్ధికుడు.

నేను ఆ ఏజెంటును ఒకసారి మందిరము దగ్గరికి రమ్మని, పెద్దల ముందర కాగితములు చూపమన్నాను. వస్తానన్నాడు, రాలేదు. ఫోను కూడా ఎత్తడము లేదు. పొలము నిలిచింది.

చిన్న బిడ్డ మాత్రము పట్టు వదలలేదు. హనుమకొండలో ఉండే తన పిన్ని ఇంట్లో ఉంటూ భాషా తరగతికి పోతున్నది. ఖర్చు అక్క జీతము నుండి. ఆదివారము ఊరికి వచ్చినప్పుడు మందిరము మెట్ల మీద కూర్చుండి ఆ భాషలో అంకెలు వల్లె వేస్తుంటే, సండే స్కూలు పిల్లలు చుట్టూ చేరి తామూ పలుకుతారు. తల్లికి మనస్సులో దిగులున్నది. అంత దూరము, అంత చలి, పెండ్లి ఎట్లా అంటుంది. అక్కడే మూడేండ్లు రాత్రి డ్యూటీలు చేయవలెనని పెద్ద బిడ్డ చెల్లెలికి దాచకుండా చెప్పింది. ఆ చనిపోయిన పెద్దాయన సంగతి కూడా చెప్పిందట. ఇద్దరు అక్కాచెల్లెండ్లు ఆ రాత్రి చాలాసేపు మేలుకొని మాట్లాడుకొన్నారని తల్లి అన్నది.

బి1 పరీక్ష రెండు నెలలలో ఉన్నది. ఫలితము వచ్చిన తరువాత నేను, ఇద్దరు పెద్దలు, ఆ అవ్వ వారి ఇంటికి పోయి కూర్చుంటాము. టామ్‌కామ్ కార్యాలయమునకు తండ్రితో పాటు ఎవరు పోవలెనో అప్పుడు నిర్ణయిస్తాము. ఆదివారపు డ్యూటీని గూర్చి మాట ఎత్తిన పెద్దాయన, బర్రెను చూసుకోవడానికి కొడుకును పెట్టి తానే వస్తానని ఇప్పటికే చెప్పినాడు.